బుర్రకథయు, ఇంటి టేపులును

చందర్లపాడు ప్రాంతము నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప ఇల్లు చేరి, రైతు కాస్త ఊపిరి తీసికొను దినములలో బుర్రకథ దళములు ఊరికి వచ్చెడివి. ముగ్గురే మనుష్యులు. వారి ఆస్తి యొక తంబుర, రెండు గుమ్మెటలు, ఒక గుడ్డలమూట. ఈనాడు నందిగామ, రేపు జగ్గయ్యపేట, ఎల్లుండి కృష్ణకావలి పలనాటి పల్లె.

నడుమ నిలిచిన కథకుని భుజముపై తంబుర, వ్రేళ్లకు అందెలు. ఇరుప్రక్కల వంతలు. ఒకడు లోకవ్యవహారమెత్తి ప్రశ్నించును, మరియొకడు నవ్వించును. రాత్రి ముదిరిన కొలది గుమ్మెట వడి హెచ్చును. కథకుడు చిందులు త్రొక్కుచు గిరగిర తిరుగును. అప్పుడు పెట్రోమాక్సు దీపము క్రింద కూర్చున్నవారికి తామున్నది రచ్చబండకడనో, కారెంపూడి రణరంగముననో తెలియదు. ఇది మత్తు కాదనుటకు నాకు ధైర్యము చాలదు.

జంగముకథనుండి రూపొందిన యీ కళను 1940 తరువాతి సంవత్సరములలో ప్రజానాట్యమండలివారు ఊరూర త్రిప్పిరి. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజరు దానికి మహోన్నతస్థాయి కల్పించెను. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించినది, 1997లో కన్నుమూసెను. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ రేడియో కేంద్రము బుర్రకథను ఇంటింటికి చేర్చెను. కాని స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగినంతసేపే కథ! గ్రామఫోను పలక మరింత పిసినారి. 78 చుట్ల పది అంగుళముల పలకలో ఒక ప్రక్కకు పట్టునది ఇంచుమించు మూడు నిమిషములు. తెల్లవారువరకు సాగు యుద్ధమును మూడు నిమిషములలో ముగించు వీరుడెవడు?

ఇట్టి సంచారగాయకులు మనకే గాక వంగదేశమునకును కలరు. వారు బాౌలులు. అమెరికా యువజనులు పాటలలో స్వప్నలోకములను వెదకుచున్న 1967లో పూర్ణదాస్, లక్ష్మణదాస్ మొదలగు బాౌలులు వుడ్‌స్టాక్ ప్రాంతమునకు పోయిరి. అచ్చట ‘బిగ్ పింక్’ అను గులాబిరంగు ఇంటి నేలమాళిగలో గార్త్ హడ్సన్ అను వాద్యకారుడు వారి పాటలను టేపుపై కెక్కించెను. అవి పిమ్మట పలకగా వెలువడినవి. బాబ్ డిలన్ ఆ యేటి పలక అట్టపై ఆయన ప్రక్కన నిలిచినవారు ఆ దాసులిద్దరే. స్టూడియో హంగులేని ఆ గదిలో పాట గదితో సహా పట్టువడినది.

ఆ పని మన పల్లెలలోను జరిగినది, పేరు లేకుండ. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు కొంతకాలమునకు మన యిండ్లకు వచ్చినది. ఎవరో దుబాయినుండి తెచ్చిన టేపు రికార్డరును అరుగుపై పెట్టి మీట నొక్కెడివారు. కథతోపాటు కుక్క మొరుగుట, బిడ్డ యేడ్పు, వెనుకనుండి ఒక ముదుసలి “ఔరా!” యనుట, అన్నియు ఎక్కెడివి. ముప్పది నిమిషములకు టేపు త్రిప్పునపుడు రెండు చరణములు గాలిలో కలిసెడివి. కొన్నిటిలో చుట్టలోని యొక పొరనుండి ప్రక్కపొరకు అయస్కాంతపు ముద్ర దిగి, కథకుడు నోరు తెఱచుటకు ముందే ఆతని మాట ఛాయ లీలగా వినబడును. స్టూడియోవారు దీనిని దోషమందురు. నాకు మాత్రము కథ తనంతట తాను వచ్చుచున్నట్లు తోచును.

ఇట్టి టేపులు బీరువాలలో, అటకలపై నశించుచున్నవి. వేడికి, తేమకు టేపుపై పూత చెడును, బూజు పట్టును. బూజు పట్టినదానిని యంత్రమున పెట్టి త్రిప్పరాదు. తెలిసినవారికి ముందు చూపవలెను. బాగున్నవానిని వెంటనే కంప్యూటరులోనికి ప్రతి తీయుడు. కుక్క అఱపును చెఱుపకుడు. పెట్టెపై ఊరు, సంవత్సరము, మువ్వురి పేర్లు వ్రాయుడు. కథకుని పేరొక్కటే వ్రాసి వంతలను మఱచుట మనకు అలవాటు.

క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న బిళ్లలుండును. వానిని విఱిచినచో పాతదానిపై క్రొత్తది ఎక్కదు. ఈ సంగతి నాకు ఆలస్యముగ తెలిసినది. మా యింట నున్న పలనాటి కథపై పదునాఱేండ్ల వయసున సినిమా పాటలు ఎక్కించితిని. ఆ కథకుడు నేడు లేడు. పాటలు ముగిసినచోట ఇప్పటికిని ఒక వంత గొంతు మిగిలియున్నది. కథకుడేమి చెప్పెనో చెఱిగిపోయినది. వంత మాత్రము దానికి ఔనౌననుచున్నాడు.