చెవియే మన తెలుగు బడి



సామల్పట్టి స్టేషనులో బండి కూత వేయగానే మన పిల్లలు చెవులు మూసికొందురు. పాట కచేరీనాడు ఆ పిల్లలే లౌడుస్పీకరు పెట్టెల ముందు చేరి కూర్చుందురు. పాట తీపిలో దెబ్బ తెలియదు.

లోపలి చెవిలో వెంట్రుకలవంటి కొసలుగల సన్నని కణములున్నవి. అవి నశించినచో మరల పుట్టవు. 85 డెసిబెల్ల మోతను రోజునకు 8 గంటలు మించి వినరాదందురు. మోత 3 డెసిబెల్లు పెరిగినకొలది ఆ వ్యవధి సగమగును. 100 డెసిబెల్లకు 15 నిమిషములే! కచేరీలలో సగటు మోత 100 మించరాదనియు, విశ్రాంతికి నిశ్శబ్ద స్థలముండవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది.

సంగీతము వద్దనుట మా ఉద్దేశము కాదు. పిల్లలను పెట్టెలకు దూరముగా కూర్చుండబెట్టుడు. నడుమ కొంతసేపు బయటికి తీసికొనిపొండు. దూది చాలదు, మందులషాపులో దొరకు స్పాంజి బిరడాలు పెట్టుడు. కచేరీ అనంతరము చెవిలో హోరు మరునాటికిని తగ్గనిచో వైద్యునకు చూపుడు.

ఇచ్చట మన పిల్లలలో చాలమందికి బడిలో తెలుగు లేదు. అమ్మ మాట, అవ్వ కథ వినిన చెవియే వారికి తెలుగు బడి. ఆ బడి మూతపడనీయకుందము.