చందాతోపాటు అర్జీ కూడా



మన మొహల్లాకు చెత్తబండి రాకపోతే "మునిసిపాలిటీలో పైసల్లేవు" అంటున్నారు. కొంత నిజమే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 18 పనులను పన్నెండవ షెడ్యూలులో రాసింది గాని, వాటికి సరిపడా ఖజానా ఇవ్వలేదు. అయినా 15వ ఆర్థిక సంఘం, పది లక్షల లోపు జనాభాగల పట్టణాలకు 2021-26 కాలానికి సూచించిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికే కేటాయించింది.

మనం చందాలేసుకుని కుప్ప ఎత్తించాం, మంచిదే. కానీ రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్లు ఎన్ని నెలలు ఇస్తాయి? కనుక ఇంటిపన్ను గడువులో కడదాం, రశీదు దాచుదాం, అందరం సంతకాలు చేసి లెక్క అడుగుదాం. చందా ఒక పూటకే. హక్కు పిల్లల కాలానికీ ఉండాలి.