తల్లిగారింటికి వెళ్లేలోపే

పట్టాలు అందుకుంటున్న యువ డాక్టర్లకు అభినందనలు.

2013లో మొదలైన ఈ నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలో మీరు పాఠాలు నేర్చుకున్నది ఈ జిల్లా తల్లుల మంచాల పక్కనే. వాళ్ల బాకీ ఎలా తీర్చాలో ఒక్క జబ్బు పెట్టి చెబుతాను: గర్భిణుల్లో అధిక రక్తపోటు.

140/90 హద్దు మీకు తెలుసు. మెగ్నీషియం సల్ఫేట్ ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో మాగ్‌పై ట్రయల్ తేల్చిన సంగతీ తెలుసు. గర్భిణి మీదాకా రాకముందు ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం పుస్తకంలో ఉండదు.

బీపీ పెరిగితే నొప్పి తెలియదు. బోధన్ వైపు ఊళ్లో బీడీలు చుట్టే గర్భిణికి కాళ్లు వాస్తే, ‘కడుపుతోటి ఉన్నప్పుడు నీరు దిగుడు మామూలే’ అంటుంది అత్తమ్మ. కూరలో ఉప్పు తగ్గిస్తుంది. క్యాల్షియం మాత్రలు గూట్లోనే ఉంటాయి. భర్త దుబాయ్‌లో ఉంటాడు. ఏడో నెల దాటాక తల్లిగారింటికి పంపుతారు. అది సరిహద్దు అవతల మహారాష్ట్రలో కావచ్చు. బీపీ ఎగబాకే నెలల్లోనే ఆమెను ఎరిగిన ఆశా, ఏఎన్‌ఎం దూరమైపోతారు.

అందుకే ఆమె బయల్దేరకముందే తల్లీబిడ్డల రక్షణ (ఎంసీపీ) కార్డులో బీపీ స్పష్టంగా రాయండి. ఇక్కడి ఏఎన్‌ఎంతో అక్కడి ఆశాకు ఫోన్ చేయించండి. ప్రతి నెలా 9న అక్కడి సర్కారు దవాఖానాలోనూ గర్భిణులకు పరీక్షలుంటాయని చెప్పండి.

బస్సు దిగి వచ్చిన మనిషికి వెంటనే బీపీ పట్టీ చుట్టకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఆనించి, మాట్లాడించకుండా చూడండి. తర్వాత అత్తాకోడళ్లిద్దరికీ చెప్పండి: ‘తలకాయ నొచ్చి తగ్గకపోయినా, కండ్లు మసకలైనా, కడుపు పైభాగం నొచ్చినా, మొఖం ఉబ్బినా తెల్లారేదాక ఆగకుండ్రి, 108కు ఫోన్ చెయ్యుండ్రి. కాన్పయినంక గూడ గిదే లెక్క.’ చెప్పింది తిరిగి ఆమె నోటనే చెప్పించుకోండి.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ పని కూడా పోయి బీడీ కూలి మీదే బతికే ఇంట్లో ఆమె ఆస్పత్రికి రావడమంటే ఒక రోజు కూలి వదులుకోవడం. అలా వచ్చిన మనిషిని మధ్యాహ్నం దాకా లైన్లో నిలబెట్టి, అంకె రాసి, మాట చెప్పకుండా పంపిస్తే మళ్లీ రాదు. రేపు మీరు ఏ పీహెచ్‌సీలో కూర్చున్నా ఆ రెండు నిమిషాల మాటను చికిత్సలో భాగంగానే లెక్కపెట్టండి.