విదేశంలో ఫోను, స్వదేశంలో పింఛను
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైళ్లు నడిపినవారు, ఉత్తరాలు పంచినవారు అనేకులు విశ్రాంత జీవితంలో అమెరికాలోని బిడ్డల వద్దకు వెళ్లి నెలల తరబడి ఉంటున్నారు. వారి చేతిలోని ఫోనును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

ఇక్కడి ఫోనులో అక్కడి సిమ్ వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. కాని అక్కడి ప్రధాన కంపెనీలు 2022లో 3జీ సేవలను నిలిపివేశాయి. 4జీ మీద మాట్లాడే సౌకర్యం లేని పాత ఫోను అక్కడ పనికిరాకపోవచ్చు. ఈ సంగతి ముందే విచారించుకోవాలి.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మన పింఛను ఖాతా స్వదేశపు నంబరుతో ముడిపడి ఉన్నది. బ్యాంకు పంపే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకుండా, 20 రూపాయల నిల్వ అయినా లేకుండా వదిలివేస్తే కంపెనీ దానిని రద్దు చేయవచ్చు. పిదప అది మరొకరి పాలవుతుంది.

కనుక మన సిమ్‌ను పెట్టెలో పడవేయరాదు. ఫోనులో రెండవ సిమ్‌గా ఉంచాలి. సందేశాలు అందేందుకు బయలుదేరకముందే అంతర్జాతీయ రోమింగు తెరిపించుకోవాలి. డేటా రోమింగు మాత్రం ఆపివేయాలి. రీచార్జి గడువు దాటనీయరాదు.

పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోరాడి నిలుపుకున్న ఆ హక్కు ఒక సిమ్ కారణంగా చిక్కున పడరాదు. ప్రతి శాఖా కార్యదర్శి ప్రయాణమయ్యే సభ్యులకు ఈ విషయం తెలియజేయాలని కోరుతున్నాము.