గ్రూపులో ఎవరు లేరు?



2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్లతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ, బడుల్లో కులాన్ని చాటే రంగు దారాలను, ఉంగరాలను నిషేధించాలని 2024లో సిఫారసు చేసింది. మంచిదే. మణికట్టు మీది దారం తీయించగలం. మరి కులం పేరుతో తిరిగే రీల్స్, కొందరిని చేర్చుకోని వాట్సాప్ గ్రూపుల సంగతేమిటి?

అంబేడ్కర్‌ను బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. ఆ దూరం కంటికి కనిపించేది. గ్రూపులో లేని పిల్లవాడి ఒంటరితనం ఏ రిజిస్టర్లోనూ వివక్షగా నమోదు కాదు.

పిల్లలు ఫోన్ ఎన్ని గంటలు చూస్తున్నారో లెక్కపెట్టే పరిశోధకులను నేను అడిగేది ఒక్కటే: ఆ గ్రూపుల్లో ఎవరెవరు లేరో కూడా లెక్కపెట్టండి.

జై భీమ్.