ఒంటె బొమ్మలు, బాంబు బొమ్మలు
(ఖరగ్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



మాకు చరిత్ర చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసంలో అమెరికా బాంబర్ల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాసేపు మౌనంగా ఉండిపోయారు. "తెలుగుకు సంబంధించింది ఏదైనా..." అని నసిగారు కూడా. వారి తప్పు లేదు. కానీ మాస్టారి దగ్గర చరిత్ర చదివినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. యుద్ధం పాఠం వచ్చిందంటే ఆయన పుస్తకం మూసేసేవారు. "ఎవరు గెలిచారో అందులో ఉందిరా, తర్వాత చదువుకోండి. ముందు సైన్యానికి తిండి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పండి" అనేవారు. మేం దిక్కులు చూసేవాళ్లం. నేటి ప్రసంగమంతా ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

మన తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు కోసం ఈ ఊరొచ్చారు. వి.వి. గిరిగారు ఇక్కడ సమ్మె నడిపిన సంగతి మనం చెప్పుకుంటూనే ఉంటాం. పక్కనున్న హిజ్లీ గురించి మాత్రం తక్కువ మాట్లాడతాం. స్వాతంత్ర్య యోధుల్ని విచారణ లేకుండా నిర్బంధించిన శిబిరం అది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు లోపల కాల్పులు జరిపి ఇద్దర్ని చంపారు. 1942లో శిబిరం మూతపడింది. 1944లో ఆ భవనంలోకే అమెరికా 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం వచ్చి కూర్చుంది. 1951లో మన ఐఐటీ తరగతులు మొదలైందీ అక్కడే. ఒకే కప్పు కింద ఖైదీలు, జనరళ్లు, విద్యార్థులు.

ఆ కమాండ్ కింద నాలుగు బాంబర్ గ్రూపులు చకూలియా, పియర్‌డోబా, దూధ్‌కుండీ వంటి చోట్ల దిగాయి. 468వ గ్రూపుకు వచ్చింది మన ఖరగ్‌పూర్, అంటే సలువా వైపు మైదానం. 1943 ఆగస్టులో కాన్సాస్ రాష్ట్రంలోని సలీనాలో పుట్టిన దళం అది. దాని విమానం బి-29 సూపర్‌ఫోర్ట్రెస్. ఒక్కోదానికి 11 మంది సిబ్బంది, నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు 18 సిలిండర్లు. బరువు తగ్గించడానికి ఇంజనులో మెగ్నీషియం వాడారు. అది అంటుకుంటే ఆర్పడం ఎవరి తరం కాదు. అసలే వేడెక్కే ఇంజను, ఆపైన మన మేదినీపూర్ వైశాఖం! మిట్టమధ్యాహ్నం రెక్క మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. మెకానిక్కులు తెల్లవారుజామునో రాత్రిళ్లో పని చేసుకునేవారు. 1944 ఏప్రిల్‌లో వస్తూవస్తూనే కరాచీ పరిసరాల్లో కొన్ని కూలాయి. జపాన్ గుండు ఒక్కటీ తగలకముందే.

ఇక రన్‌వేలు. ఈ ప్రాంతపు మైదానాల మీద సుమారు 6 వేల మంది అమెరికా సైనికులు, 27 వేల మంది మనవాళ్లు పనిచేశారు. కాలం గుర్తుపెట్టుకోండి. 1942 అక్టోబరు తుపాను ఈ జిల్లా తీరాన్ని ఊడ్చేసింది. మరుసటేడు కరువు బెంగాల్‌ని తినేసింది. ఆ ఏడాది గింజ దొరకని జిల్లాలో, ఆ వెంటనే కాంక్రీటు పోశారు. కూలి దొరికిందని కొందరు బతికిపోయి ఉండొచ్చు. నేను దాన్ని ఉపకారం అనలేను, అపకారమనీ అనలేను.

అయితే ఇక్కడినుంచి జపాన్ అందదు. అందుకని చైనాలో, చెంగ్డూ చుట్టుపక్కల, ఇంకో నాలుగు మైదానాలు కట్టారు. మూడు లక్షలకు పైగా రైతులు వరిమడులు పూడ్చి, రాయి కొట్టి, పెద్ద రాతి రోలర్లకు తాళ్లు కట్టి గుంపులుగా లాగారు. ఖరగ్‌పూర్‌కూ చెంగ్డూకూ మధ్య దాదాపు 1,200 మైళ్లు, నడుమ హిమాలయం. అక్కడ పెట్రోలు చుక్క లేదు. కలకత్తా దిగువన బజ్‌బజ్ రేవులో దిగిన ఇంధనం గొట్టంలో మన మైదానాలకు వచ్చేది. ఆపైన దాన్ని విమానంలోనే మోసుకెళ్లాలి. ఆ మోసేది కూడా బి-29లే. కొన్నింటికి తోకలో ఉన్న తుపాకులు తప్ప మిగతావన్నీ ఊడబీకి, ట్యాంకులు బిగించి, వట్టి పెట్రోలు బళ్లుగా మార్చేశారు.

లెక్క చెబుతాను. చెంగ్డూనుంచి ఒక విమానం ఒక్కసారి జపాన్ మీదికి వెళ్లిరావాలంటే, అంతకుముందు ఆరుసార్లు హిమాలయం దాటి సరుకు దింపి రావాలి. విమానం ముక్కు పక్కన దాడికొక బాంబు బొమ్మ వేసుకోవడం వైమానిక దళాల అలవాటు. ఇక్కడివాళ్లు కొండ దాటిన ప్రతి ప్రయాణానికీ ఒక ఒంటె బొమ్మ కూడా వేసుకున్నారు. మాస్టారి ప్రశ్నకు జవాబు అల్యూమినియం రేకు మీదే రంగుతో రాసి ఉందన్నమాట.

ఇంత మోసి ఏం చేశారు? 1944 జూన్ 15 రాత్రి జపాన్ గడ్డ మీద మొదటి దాడి, యవాటా ఉక్కు కర్మాగారం మీద. 68 విమానాలు లేచాయి, 47 యవాటా మీద బాంబులు వేశాయి, కర్మాగారానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ కలగలేదు. ఏడు విమానాలు పోయాయి, అందులో ఎక్కువ ప్రమాదాల్లోనే. అమెరికా పత్రికలు మాత్రం పండగ చేసుకున్నాయి. ఆగస్టు 20న పట్టపగలు మళ్లీ అక్కడికే వెళ్లారు. ఒక జపాన్ యుద్ధవిమానం వచ్చి 468వ గ్రూపు విమానాన్ని నేరుగా గుద్దింది. ఆ శకలాలు తగిలి పక్కనున్న ఇంకోటీ కూలింది. ఆ దాడిలో మొత్తం 14 పోయాయి. చైనానుంచి జపాన్ గడ్డ మీద ఏడెనిమిది నెలల్లో వేసిన బాంబులు ఇంచుమించు 800 టన్నులని, వాటితో ఒరిగింది పెద్దగా లేదని యుద్ధం ముగిశాక అమెరికా సర్వే సంస్థే తేల్చింది.

చిత్రమేమిటంటే, మన 468వ గ్రూపు వల్ల నిజంగా లాభపడింది రష్యా. అమెరికా వాయుసేనాధిపతి ఆర్నాల్డ్ విచితలోని బి-29 కర్మాగారానికి వెళ్లినప్పుడు ఒక విమానం ఒంటి మీద సంతకం పెట్టాడు. దాని పేరే 'జనరల్ ఆర్నాల్డ్ స్పెషల్' అయింది. 468వ గ్రూపులో చేరిన ఆ విమానం నవంబరులో జపాన్‌లోని ఒమురా మీద దాడికి వెళ్లి, తిరిగి రాలేక వ్లాదివొస్తోక్‌లో దిగింది. అప్పటికి సోవియట్లు జపాన్‌తో తటస్థంగా ఉన్నారు. సిబ్బందిని నిర్బంధించి, తర్వాత ఇరాన్ దారిన వదిలేశారు. విమానాన్ని మాత్రం వదల్లేదు. మాస్కోకు తీసుకుపోయి, మేకు మేకూ విప్పి, కొలిచి, తూచి, నకలు తీశారు. 1947లో తుషినో వైమానిక ప్రదర్శనలో అదే రూపంతో తు-4 విమానాలు ఎగిరాయి.

మన ఊరి వర్క్‌షాపులో పనిచేసినవాళ్లు ఆ రష్యన్ ఫిట్టర్లను తప్పుపట్టరనుకుంటాను. యంత్రం చేతికొస్తే విప్పకుండా ఎవడూరుకుంటాడు?

నవ్వలేని సంగతి ఒకటుంది. 1944 ఆగస్టు చివర కర్టిస్ లీమే అనే జనరల్ హిజ్లీ భవనంలోని కమాండ్‌కు అధిపతిగా వచ్చాడు. డిసెంబరు 18న జపాన్ ఆక్రమణలో ఉన్న చైనా నగరం హాంకౌ మీద 84 బి-29లతో నిప్పు బాంబులు వేయించాడు. రేవు మూడు రోజులు మండింది. మర్నెల అతను మేరియానా దీవులకు వెళ్లాడు. మార్చి 9 రాత్రి అక్కడినుంచి అతను వేయించిన నిప్పు బాంబులకు టోక్యో తగలబడింది. ఆ విద్యకు ఓనమాలు దిద్దిన బల్ల మన పక్కింట్లో ఉందన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న విషయం. ఒంటెల కథ చెబుతుంటే ముచ్చటగా ఉంటుంది. అందుకే హాంకౌని కూడా చెప్పాను.

1945 వసంతంలో ఇక్కడి గ్రూపులన్నీ సరంజామా సర్దుకుని ఆ మేరియానాల్లోనే ఉన్న టినియన్ దీవికి తరలిపోయాయి. అక్కడినుంచి టోక్యో 1,500 మైళ్లే, నడుమ నీళ్లు తప్ప కొండల్లేవు. పెట్రోలు ఓడలో వచ్చి రేవులో దిగేది. బాంబు బొమ్మలు వరసగా పెరుగుతూ పోయాయి. ఒంటె బొమ్మ గీయాల్సిన అవసరం మళ్లీ ఎవరికీ రాలేదు.