నాక్కూడా వచ్చిందండీ

నేను క్యారీలో ఉంటాను, ఐటీ కన్సల్టెంటుని. మీలో కొందరు నన్ను గుళ్ళో చూసే ఉంటారు. ఈమధ్య నేను చేసిన ఒక కోర్సు గురించి చెప్తాను.

దాన్ని పీర్ సపోర్ట్ అంటారు. మానసిక జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళు, ఇప్పుడు దానితో అవస్థ పడుతున్నవాళ్ళకి తోడుండడం. ఇది డాక్టరు పని కాదు, అలాగని ఊరికే ఓదార్చడమూ కాదు. 1999లో మొదట జార్జియా రాష్ట్రంలో ఈ పనికి మెడికెయిడ్ డబ్బులివ్వడం మొదలైంది. 2007లో ఫెడరల్ ప్రభుత్వం దీనికి శిక్షణ, సర్టిఫికెట్, పైన పర్యవేక్షణ ఉండాలని అన్ని రాష్ట్రాలకీ రాసింది.

మన పక్కన రాలీలో 1856లో తెరిచిన డొరొతియా డిక్స్ ఆసుపత్రి 2012లో మూతపడింది. వేసవిలో మనం పొద్దుతిరుగుడు పూల మధ్య ఫొటోలు దిగే డిక్స్ పార్కు అదేనండీ. ఇప్పుడు చాలామంది కోలుకునేది ఇళ్ళల్లోనే, మన మధ్యే. అందుకే తోడు కావాలి.

నార్త్ కెరొలైనాలో సర్టిఫికెట్‌కి 18 ఏళ్ళు నిండాలి, కోర్సు చెయ్యాలి. ఇంకో అర్హత ఉంది. మానసిక జబ్బో, వ్యసనమో మీకే వచ్చి ఉండాలి. ఆ మాట మీరే చెప్పుకోవాలి.

నేను అక్కడ ఆగిపోయాను. 2023లో నా ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాళ్ళకి 60 రోజుల గడువని మీకు తెలుసు కదా. గడువులోపే వేరే ఉద్యోగం దొరికింది గానీ నేను మామూలు మనిషిని కాలేదు. ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగలేక అరగంట కూర్చునేవాణ్ణి. డాక్టరు డిప్రెషన్ అన్నారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారని, విజయవాడలో అమ్మకి థైరాయిడ్ అని చెప్పాం.

కోర్సులో ఒక అభ్యాసం. ఎదుటివాళ్ళు పది నిమిషాలు చెప్తే సలహా ఇవ్వకుండా వినాలి. రెండో నిమిషంలోనే "పొద్దున్నే వాకింగ్ చెయ్యండి" అనేశాను. మనవాళ్ళకి ప్రేమా, సలహా ఒకటే కదండీ! జబ్బుకి పేరు పెట్టకూడదు. మందుల జోలికి పోకూడదు. మన కథ అవసరమైనంతే చెప్పాలి. విన్నది పార్టీల్లో మాట్లాడకూడదు. అనుమానం వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా 988కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు 2022 జూలై నుంచి పనిచేస్తోంది.

ఆఫీసులో ఇంగ్లీషు ఎంత మాట్లాడినా, మనసు బాగాలేదని చెప్పుకోడానికి నాకు తెలుగే కావాల్సొచ్చింది. ఆ రోజుల్లో తెలుగులో "నాక్కూడా వచ్చిందండీ" అన్నవాళ్ళు ఒక్కరూ కనపడలేదు. అందుకే ఈరోజు నేను అంటున్నాను. మీలో ఇంకెవరైనా కోలుకున్నవాళ్ళుంటే, ఈ కోర్సు గురించి ఆలోచించండి.

రేడియోలో వినేముందు నేనే చెప్పాలని నిన్న అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత "అప్పుడే చెప్తే వచ్చేదాన్ని కదరా" అంది. సలహా ఒక్కటీ ఇవ్వలేదు.

సెలవు.